షెట్లాండ్ పోనీ ఎందుకంత పొట్టిది? దీవులూ బొగ్గు గనులూ కలిసి మలిచిన పనిగుర్రం

షెట్లాండ్ పోనీ గురించి మాట్లాడుకునేటప్పుడు మూడు నమ్మకాలు కలగాపులగం అయిపోతుంటాయి. ఇది గుర్రాల్లో మరుగుజ్జు అని ఒకటి. సరైన మేత లేక గిడసబారిపోయిన జంతువని ఇంకొకటి. పిల్లలు ఎక్కి తిరగడానికి మనుషులు పనిగట్టుకుని చిన్నది చేసిన రకమని మూడోది. మూడింటిలోనూ కొంచెం కొంచెం నిజం ఉంది కాబట్టి తేలిగ్గా నమ్మేస్తారు, కానీ మూడూ అసలు విషయాన్ని పక్కకు నెట్టేస్తాయి. ఈ గుర్రం చరిత్రలో ఎక్కువ భాగం బరువులు మోసిన చరిత్రే. పిల్లల సవారీ అందులో చివరి అధ్యాయం మాత్రమే.

క్లుప్తంగా

పొట్టితనం దీవుల నుంచి వచ్చింది. మేత తక్కువ, గాలి ఎక్కువ, బయటి గుర్రాలతో కలిసే అవకాశం తక్కువ, ఇలాంటి చోట తరతరాలుగా బతకగలిగిన శరీరం అది. ఇప్పుడు మనం చూసే దిట్టమైన ఆకారం, వంశావళి పుస్తకం, ఎత్తు హద్దు మాత్రం 19వ శతాబ్దంలో బ్రిటన్ బొగ్గు గనుల అవసరాలతో ముడిపడినవి. పిల్లల్ని గనుల్లోంచి బయటికి తెచ్చిన 1842 చట్టం ఆ మార్పును వేగం చేసింది. ఈ రకానికి ఇవాళ తరచూ వచ్చే జబ్బులకు కూడా కరువుకు అలవాటుపడిన ఆ పాత ఒళ్లే కారణం.

ముందు ఆ చోటు ఎలాంటిదో చూడాలి

షెట్లాండ్ అంటే స్కాట్లాండ్ ప్రధాన భూభాగానికి ఈశాన్యంగా సుమారు 170 కిలోమీటర్ల దూరంలో ఉన్న దీవుల గుంపు. చిన్నా పెద్దా కలిపి వంద దాకా ఉన్నా మనుషులు ఉండేవి పదహారు వరకే. సుమారు 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంటాయి. అంత ఉత్తరాన ఉన్నాయి కాబట్టి గడ్డకట్టే చలి ఉంటుందనుకుంటారు, నిజానికి అట్లాంటిక్ వెచ్చని ప్రవాహం వల్ల మంచు ఎక్కువ రోజులు నిలవదు. అక్కడ ప్రాణాలు తోడేసేది గాలి, తడి. దీవుల్లో ఎక్కడ నిలబడినా సముద్రం 5 కిలోమీటర్లకు మించి దూరం ఉండదు, చెట్లు చాలా తక్కువ, కాబట్టి ఉప్పునీటి తుంపరతో వచ్చే గాలికి అడ్డమే లేదు. చలికాలంలో పగటి వెలుగు ఆరు గంటల లోపే. ఊళ్లకు ఆనుకుని కొంచెం సాగు భూమి ఉంటుంది, దాని పైన కొండ మీదంతా హెదర్ పొదలు, బురద నేల, ముతక గడ్డి. ఆ కొండ భూమి ఊరందరికీ ఉమ్మడి మేత బీడు. దాన్ని స్కాటాల్డ్ అంటారు. గుర్రాలు ఏడాది పొడవునా అక్కడే, కొట్టం లేకుండా, దాణా లేకుండా బతికేవి. చలికాలం ముదిరి కొండ మీద ఏమీ దొరకనప్పుడు ఒడ్డుకు దిగొచ్చి, ఆటుపోటుల్లో కొట్టుకొచ్చిన సముద్రపు నాచు తినేవి.

కంచు యుగం నాటికే ఇక్కడ చిన్న గుర్రాలు ఉన్నాయని సాధారణంగా చెబుతారు. అవి పడవల మీదే వచ్చి ఉండాలి, ఇంకో దారి లేదు. సుమారు క్రీ.శ. 800 ప్రాంతంలో నార్వే నుంచి నార్స్ జనం వచ్చి స్థిరపడ్డారు, వాళ్ల గుర్రాలూ ఈ రక్తంలో కలిసి ఉంటాయి. దాదాపు ఆ కాలానిదే అయిన ఒక చెక్కిన రాతి పలక బురా దీవిలోని పాపిల్ దగ్గర దొరికింది. అందులో ముసుగు కప్పుకున్న సన్యాసులు వరసగా నడిచి వెళ్తుంటే వాళ్లలో ఒకరు చిన్న గుర్రం మీద ఉంటారు. 1469లో డెన్మార్క్-నార్వే రాజు మొదటి క్రిస్టియన్ తన కూతురు మార్గరెట్ కట్నం కింద ఈ దీవుల్ని స్కాట్లాండ్ రాజు మూడో జేమ్స్ దగ్గర తాకట్టు పెట్టాడు, ఆ తాకట్టు ఎప్పటికీ విడిపించుకోలేదు. పాలకులు మారినా గుర్రాల పరిస్థితి మారలేదు. చుట్టూ సముద్రం, లోపల కొద్దిపాటి మంద, బయటి రక్తం ఎప్పుడో ఒకసారి.

చలి చోట జంతువు పెద్దది కావాలి కదా?

ఇది న్యాయమైన ప్రశ్న, దీనికి సరైన జవాబు చాలాచోట్ల దొరకదు. ఒకే జాతి జంతువుల్లో చలి ప్రాంతాల్లో ఉండేవి పెద్దగా ఉంటాయని బెర్గ్‌మన్ సూత్రం చెబుతుంది. పెద్ద ఒంటికి బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం తక్కువ, కాబట్టి వేడి నెమ్మదిగా పోతుంది. ఆ లెక్కన షెట్లాండ్ గుర్రం పొట్టిగా ఉండటం తప్పు లెక్కలా కనిపిస్తుంది.

కానీ వేడి పోకుండా ఆపుకోవడం వేరు, ఆ వేడి పుట్టించడానికి కావాల్సిన తిండి సంపాదించుకోవడం వేరు. 450 కిలోల గుర్రానికి రోజుకు కావాల్సిన శక్తితో పోలిస్తే 200 కిలోల పోనీకి సుమారు సగానికి కొంచెం ఎక్కువ సరిపోతుంది. బరువుకు తగ్గట్టు చూస్తే పోనీయే కాస్త ఎక్కువ తింటుంది, నిజమే, కానీ ఫిబ్రవరిలో కొండ మీద దొరికేది మొత్తం ఎంత అన్నదే చావుబతుకుల్ని తేల్చేస్తుంది. ఆడ గుర్రం పదకొండు నెలలు పిల్లను మోస్తుంది, ఆ పదకొండు నెలల్లో ఒక పూర్తి చలికాలం ఉంటుంది, వసంతం చివర్లో ఈనాక పాలివ్వాలి. పెద్ద ఒళ్లున్న తల్లి ఆ చలికాలంలోనే తన ఒంట్లో కొవ్వంతా కరిగించేసుకుంటుంది. చిన్న ఒళ్లున్న తల్లి ఎండిపోయి, ఎముకలు తేలి అయినా మే నెలకు చేరుతుంది. ఇలా ఏటేటా జరిగితే మిగిలేది ఏ రకమో చెప్పక్కర్లేదు.

వేడి పోయే సమస్యను శరీరం వేరే దారుల్లో తీర్చుకుంది. పొట్టి కాళ్లు, చిన్న చెవులు, పొట్టి మెడ, అంటే గాలికి బయటపడే భాగాలు తక్కువ. రెండు పొరల బొచ్చు, లోపల మెత్తని దట్టమైన పొర, పైన వాన నీటిని కిందికి జార్చేసే పొడుగాటి వెంట్రుకలు. జూలు, తోక విపరీతంగా ఒత్తుగా ఉంటాయి, గాలివానలో ఈ గుర్రాలు తోక గాలివైపు తిప్పి తల దించుకుని నిలబడతాయి. వీటన్నిటికంటే ఆసక్తికరమైనది ఇటీవలి సంగతి. జర్మనీలో శాస్త్రవేత్తలు షెట్లాండ్ పోనీల మీద జరిపిన కొలతల్లో, చలికాలంలో మేత తగ్గినప్పుడు ఇవి శక్తి ఖర్చును తామే తగ్గించుకుంటాయని తేలింది. కదలిక తగ్గిస్తాయి, ఒంటి ఉష్ణోగ్రతను కూడా కొంచెం దిగనిస్తాయి. అడవి జింకల్లాంటి వాటిలో చూసే గుణం, మనిషి పెంపకంలో ఉన్న గుర్రంలో కనిపించింది.

ఇక గిడసబారిందన్న మాట సంగతి. అది కేవలం తిండి లేక వచ్చిన పొట్టితనమైతే పచ్చిక బాగా ఉన్న చోట పుట్టి పెరిగిన పిల్లలు పెద్దవి కావాలి. కాస్త ఒళ్లు చేస్తాయి తప్ప మామూలు గుర్రం ఎత్తుకు ఎప్పుడూ రావు. ఎత్తు జన్యువుల్లోనే ఉంది. హెచ్ఎంజీఏ2 అనే జన్యువులో ఒక మార్పు షెట్లాండ్ పోనీల్లో, ఇతర చిన్న గుర్రాల్లో ఉందని 2015లో ప్రచురించిన పరిశోధన చూపించింది, తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చే ఆ మార్పు ఒక్కో ప్రతికి ఎత్తు దాదాపు 9.5 సెంటీమీటర్లు తగ్గుతుందని లెక్కగట్టారు. మరుగుజ్జుతనం అనేది మళ్లీ వేరే విషయం, అందులో కాళ్లు, తల, ఒళ్లు పొంతన లేకుండా తయారవుతాయి, ఎముకలు దెబ్బతింటాయి. ఆరోగ్యంగా ఉన్న షెట్లాండ్ పోనీలో ఆ లోపాలు ఉండవు. చిన్నదే గానీ పూర్తి గుర్రం.

ఐస్‌లాండ్ గుర్రంతో పోలిస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. అదీ నార్స్ జనంతో వెళ్లిందే, ఇంకా ఉత్తరాన, ఇంకా కఠినమైన చోట బతికింది, అయినా షెట్లాండ్ కంటే చాలా ఎత్తు ఉంటుంది. తేడా పనిలో ఉంది. ఐస్‌లాండ్ పెద్ద దీవి, ఊరికీ ఊరికీ మధ్య రోజుల ప్రయాణం, నదులు దాటాలి, కాబట్టి పెద్దమనిషిని ఎక్కించుకుని దూరం పోగల గుర్రాన్నే జనం ఎంచుకుని పెంచారు. షెట్లాండ్‌లో ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లాలంటే పడవ ఉంది, గుర్రంతో పడే పని ఎక్కువగా కొండ నుంచి ఇంటి దాకా. పొడుగు గుర్రం కావాలన్న ఒత్తిడి మనుషుల వైపు నుంచి రాలేదు.

ఇంటి పొయ్యి వెలగాలంటే

దీవుల్లో కట్టెలు దొరకవు. పొయ్యిలోకి పీట్ కావాలి. పీట్ అంటే బురద నేలలో వేల ఏళ్లుగా పేరుకుని సగం కుళ్లిన నాచు, గడ్డి. దాన్ని ఇటుకల్లా కోసి, కొండ మీదే ఆరబెట్టి, వేసవిలో ఇంటికి చేరవేస్తారు. ఆ చేరవేత పోనీల పని. వీపు మీద క్లిబ్బర్ అనే చెక్క జీను, దానికి రెండు పక్కలా గడ్డితో అల్లిన కిషీ అనే బుట్టలు, వాటి నిండా పీట్. దారి అనేదే లేని బురద కొండ మీద చక్రాల బండి దిగబడిపోతుంది, ఈ పొట్టి గుర్రం మాత్రం అడుగు చూసుకుని దిగుతుంది. దుక్కికి వీటిని పెద్దగా వాడలేదు, అక్కడ ఎడ్లు ఉండేవి, చిన్న కమతాల్లో మనుషులే వరసగా నిలబడి పారలతో నేల తిరగేసేవాళ్లు.

గుర్రం తోక వెంట్రుకలకు కూడా విలువ ఉండేది, చేపలు పట్టే తాళ్లకు వాడేవాళ్లు. అందుకే ఇంకొకరి గుర్రం తోకగానీ జూలుగానీ కోస్తే జరిమానా అని, అడక్కుండా ఇంకొకరి గుర్రం ఎక్కడం నేరమని దీవుల పాత కట్టుబాట్లలో రాసి ఉంది. గుర్రాలన్నీ ఉమ్మడి బీడు మీద తిరుగుతుంటే అలాంటి తగాదాలు రాకుండా ఎలా ఉంటాయి.

1842: గనుల్లో ఏం మారింది

1838 జూలైలో ఇంగ్లండ్‌లోని బార్న్స్‌లీ దగ్గర హస్కర్ గనిలోకి వాననీరు చొరబడి 26 మంది పిల్లలు చనిపోయారు, వాళ్లలో 11 మంది ఆడపిల్లలు. ఈ ఘటన దేశాన్ని కదిలించింది. గనుల్లో పిల్లల పని మీద ప్రభుత్వం విచారణ సంఘం వేసింది, 1842లో వచ్చిన దాని నివేదికలో నడుముకు గొలుసు కట్టుకుని, చేతుల మీదా మోకాళ్ల మీదా పాకుతూ బొగ్గు టబ్బులు, అంటే చిన్న తొట్టి బండ్లు, లాగుతున్న పిల్లల బొమ్మలు ఉన్నాయి. అదే ఏడాది ఆగస్టులో చట్టం వచ్చింది. ఆడవాళ్లు ఏ వయసు వాళ్లయినా, మగపిల్లలు పదేళ్ల లోపు వాళ్లయినా భూగర్భంలో పనిచేయకూడదు.

చట్టం మంచిదే, రావాల్సిన చట్టమే. కానీ గని యజమానులకు ఒక లెక్క మిగిలిపోయింది. బొగ్గు పొర సన్నంగా ఉన్నచోట సొరంగం ఎత్తు కూడా తక్కువే, పైకప్పు పెంచాలంటే రాయి తొలచాలి, దాని ఖర్చు మామూలుది కాదు. తవ్వేవాడి దగ్గరి నుంచి పెద్ద దారి వరకు టబ్బును లాక్కొచ్చే పని ఎవరో ఒకరు చేయాలి. నాలుగడుగుల లోపు ఎత్తులో దూరి, బరువు లాగగలిగే జంతువు ఏదని వెతికితే ఉత్తరాన ఉన్న దీవుల్లో కనిపించింది.

మొత్తం మార్పును ఒక్క చట్టానికే అంటగట్టేయడం మాత్రం సరికాదు. ఈశాన్య ఇంగ్లండ్‌లోని డరం గనుల్లో 1750 ప్రాంతం నుంచే గుర్రాల్ని భూగర్భంలో వాడిన ఆధారాలున్నాయి. పైగా పోనీలు ఎక్కువగా వెళ్లిన డరం, నార్తంబర్లాండ్ ప్రాంతాల్లో ఆడవాళ్లు గనిలోకి దిగడం 1842 నాటికే ఆగిపోయింది. అక్కడ చట్టం దెబ్బ చిన్నపిల్లల పని మీద పడింది. దానికి తోడు అదే కాలంలో రైళ్లు, ఆవిరి ఓడలు, ఇనుప కార్ఖానాలు ఒక్కసారిగా పెరిగాయి, బొగ్గు గిరాకీ ఆగలేదు, సొరంగాల్లో ఇనుప పట్టాలు వేయడంతో చిన్న గుర్రం కూడా పెద్ద బరువు లాగగలిగింది. ఈ కారణాలన్నీ ఒకే చోట కలిశాయి, చట్టం వాటిని తోసింది.

మగ గుర్రాలన్నీ ఓడెక్కేశాక

దీవుల మందకు అసలు దెబ్బ ఇక్కడ తగిలింది. గని యజమానులు ఆడ గుర్రాల్ని కొనలేదు. ఇరుకు సొరంగాల్లో ఆడా మగా కలిపి ఉంచితే అదుపు చేయడం కష్టం, కాబట్టి మగవాటినే కొన్నారు. ఊరికే కొనడం కాదు, ఎముక బలం, వెడల్పు ఛాతీ ఉన్నవాటికి మంచి ధర ఇచ్చారు. పేద రైతు కుటుంబానికి చేతికొచ్చే డబ్బు అది, అమ్మకుండా ఎలా ఉంటారు? ఏటా మేలైన మగ గుర్రాలు ఓడల్లో దక్షిణానికి వెళ్లిపోయాయి. కొండ మీద మిగిలినవి ఎవరూ కొననివి, అవే తర్వాతి తరానికి తండ్రులయ్యాయి. సాధారణంగా మార్కెట్ పెరిగితే పశువుల జాతి మెరుగవుతుందని అనుకుంటాం, ఇక్కడ సరిగ్గా ఎదురు జరిగింది, మార్కెట్ కోరుకున్న గుణాలే మందలోంచి మాయమవుతూ వచ్చాయి.

మంద పలచబడటం మొదట గమనించాల్సిన అవసరం కొనేవాళ్లకే ఉంది. డరంలో సొంత గనులున్న బ్రిటిష్ ప్రభువు లండన్‌డెరీ మార్క్విస్ 1870 ప్రాంతంలో షెట్లాండ్‌లోని బ్రెస్సే, నాస్ అనే రెండు దీవుల్లో భూమి కౌలుకు తీసుకుని సొంతంగా పోనీల పెంపకం పెట్టాడు. దాన్ని నడిపిన ప్రధాన వ్యక్తి రాబర్ట్ బ్రైడన్. వాళ్ల లక్ష్యంలో దాపరికం ఏమీ లేదు. ఎంత వీలైతే అంత బరువు, నేలకు ఎంత వీలైతే అంత దగ్గరగా. అంటే పొట్టి కాళ్లు, లావు ఎముక, లోతైన ఛాతీ, బలమైన వెనక భాగం. దీవుల్లో వెతికి మేలైన మగ, ఆడ గుర్రాల్ని కొని, బయటి వాటితో కలవకుండా ఉంచి, దగ్గరి రక్తంలోనే మళ్లీ మళ్లీ దాటించారు. జాక్ అనే ఒక మగ గుర్రం, దాని సంతతిలోని ఓడిన్, లార్డ్ ఆఫ్ ది ఐల్స్, ప్రిన్స్ ఆఫ్ థూల్ లాంటివి ఆ మందను మొత్తం మార్చేశాయి.

1890లో షెట్లాండ్ పోనీ వంశావళి సంఘం ఏర్పడింది, 1891లో మొదటి సంపుటం అచ్చయింది, బ్రిటన్ స్థానిక పోనీ రకాల్లో ఇలా వంశావళి రాసుకున్న మొదటి రకం ఇదే. ఎత్తు హద్దు 42 అంగుళాలు, అంటే మూపు దగ్గర సుమారు 107 సెంటీమీటర్లు. నాలుగేళ్లు దాటిన గుర్రానికి ఇప్పటికీ ఆ హద్దే. 1899లో లండన్‌డెరీ మందను వేలం వేశారు, గుర్రాలు స్కాట్లాండ్, ఇంగ్లండ్ పెంపకందార్ల చేతుల్లోకి వెళ్లాయి. ఇవాళ వంశం రాసి ఉన్న షెట్లాండ్ పోనీల్లో చాలావాటి పూర్వీకుల్ని వెనక్కి తవ్వుకుంటూ పోతే ఆ మంద దగ్గరికే చేరతాం. ముప్పై ఏళ్ల లోపు నడిచిన ఒక గని కంపెనీ అవసరం, అన్ని శతాబ్దాల దీవి గుర్రానికి ప్రామాణిక రూపం ఇచ్చింది. మేలు జరిగిందా, చెడు జరిగిందా అంటే రెండూ. చెదిరిపోతున్న గుణాలు నిలబడ్డాయి, అదే సమయంలో కొద్ది గుర్రాల రక్తమే మళ్లీ మళ్లీ తిరగడంతో వైవిధ్యం కుంచించుకుపోయింది.

భూగర్భంలో వాటి బతుకు గురించి ఒక మాట. నిట్టనిలువు బావి ఉన్న గనుల్లో గుర్రపుశాలలు కిందే ఉండేవి, పోనీలు ఏళ్ల తరబడి అక్కడే గడిపేవి. 1911 నాటి బొగ్గు గనుల చట్టంతో వాటి సంరక్షణకు వివరమైన నియమాలు వచ్చాయి. 1913 ప్రాంతంలో బ్రిటన్ గనుల్లో దాదాపు 70,000 గుర్రాలు, పోనీలు ఉండేవి, అన్నీ షెట్లాండ్ రకం కాదు, దారి ఎత్తును బట్టి వెల్ష్, ఐస్‌లాండ్ రకాలు, ఇంకా పెద్దవి కూడా వాడేవాళ్లు. యంత్రాలు వచ్చేకొద్దీ ఆ సంఖ్య కరిగిపోయింది. నార్తంబర్లాండ్‌లోని ఎలింగ్టన్ గని నుంచి చివరి పోనీలు 1994లో పైకి వచ్చాయి. అవి పైకొచ్చింది కంప్యూటర్ల కాలంలో అన్నది గుర్తుంచుకోవాలి.

దీవి దాటాక

అమెరికాకు 1880ల్లో పెద్ద ఎత్తున ఎగుమతి మొదలైంది, 1888లో అక్కడ సొంత క్లబ్బు పెట్టుకున్నారు. అక్కడివాళ్లు హ్యాక్నీ అనే ఇంగ్లిష్ బండి గుర్రం రక్తం కలిపి, సన్నగా, కాళ్లెత్తి నడిచే పోనీని తయారు చేశారు, అది 46 అంగుళాల దాకా ఉండొచ్చు. పేరు ఒకటే, గుర్రం వేరు. రెండు రకాల ఫొటోలు కలిసిపోవడమే చాలామంది గందరగోళానికి కారణం. యూరప్‌లో, ముఖ్యంగా నెదర్లాండ్స్‌లో, దీవి రూపానికి దగ్గరగా ఉన్నవే విస్తరించాయి, ఇప్పుడు దీవుల బయట ఉన్న మందలే చాలా పెద్దవి.

దీవుల్లో మాత్రం 20వ శతాబ్దం మధ్య నాటికి కొండ గుర్రాల నాణ్యత మళ్లీ పడిపోయింది. 1950ల్లో మొదలైన ఒక పథకం కింద, వంశావళి ఉన్న మేలైన మగ గుర్రాల్ని ఎంపిక చేసి, వాటిని ఉమ్మడి బీళ్ల మీద వదలడానికి డబ్బు సాయం అందించారు. గనులు తీసుకెళ్లిన దాన్ని కొండకు తిరిగివ్వడం లాంటి పని అది, ఆలస్యంగా అయినా సరైన చోట పెట్టిన ఖర్చు.

కరువు ఒంటికి పచ్చిక చేసే హాని

ఇప్పుడు ఈ రకం పెంచేవాళ్లను ఎక్కువగా టెన్షన్ పెట్టేది చలి కాదు, మేత. తక్కువ తిండిలోంచి ఎక్కువ శక్తి పిండుకోవడానికి, దొరికినప్పుడు కొవ్వుగా దాచుకోవడానికి తయారైన ఒళ్లు ఇది. దాన్ని తీసుకెళ్లి చక్కెరలు ఎక్కువుండే మెత్తని పచ్చికలో వదిలితే కొద్ది వారాల్లోనే మెడ మీద కొవ్వు పట్టేస్తుంది, రక్తంలో ఇన్సులిన్ పెరుగుతుంది, దాని ప్రభావంతో గిట్ట లోపలి పొరలు వాచి లామినైటిస్ వస్తుంది. ముదిరితే గిట్ట లోపలి ఎముక తిరిగిపోయి కిందికి దిగుతుంది, గుర్రం నిలబడలేదు. అలాగని లావెక్కిన పోనీకి ఒక్కసారిగా మేత ఆపేయడం ఇంకా ప్రమాదం. ఒంట్లో కొవ్వు రక్తంలోకి ఎగదన్ని కాలేయం దెబ్బతింటుంది, చూలుతో ఉన్న ఆడవాటిలో ఇది ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మేతను నెమ్మదిగా తగ్గిస్తూ, రోజూ నడిపించడం, బండి లాగించడం లాంటి పని పెట్టమని పశువైద్యులు చెబుతారు.

రెండో చిక్కు ఎత్తు చుట్టూ ఉంది. ప్రదర్శనల్లో, అమ్మకాల్లో 34 అంగుళాల లోపు మినియేచర్ రకానికి గిరాకీ ఉంది. చిన్నదాన్ని చిన్నదానితో దాటిస్తూ పోయినప్పుడు కాన్పు కష్టాలు, పళ్ల ఇరుకు, మోకాలి చిప్ప జారడం లాంటివి పెరుగుతాయి. షెట్లాండ్ రకంలో కాళ్ల ఎముకలు వంకరగా పెరిగే ఒక వంశపారంపర్య లోపం కూడా ఉంది, దానికి కారణమైన జన్యు లోపాన్ని 2016లో గుర్తించారు, కాబట్టి దాటించే ముందు పరీక్ష చేయించుకునే వీలుంది. కొండ మీద ఉన్నప్పుడు ఇలాంటి లోపాలున్న పిల్ల మొదటి చలికాలం దాటేది కాదు. పచ్చిక పొలంలో, వైద్యుడి సాయంతో దాటుతుంది, తర్వాత తనూ పిల్లల్ని కంటుంది. ప్రకృతి చేసిన ఏరివేతను ఇప్పుడు పెంపకందారు కాగితాలు, పరీక్షలు చూసుకుని చేయాల్సి వస్తోంది. షెట్లాండ్‌లో ఇప్పటికీ కొందరు తమ మందల్ని స్కాటాల్డ్ మీదే ఉంచుతున్నారు, కొండ మీద చలికాలం గడిపి, ఏటా ఈనుతూ, కాళ్లు బాగున్న ఆడ గుర్రాల సంతానాన్ని దీవి బయటి పెంపకందార్లు వెతుక్కుని కొనడానికి కారణం కూడా అదే.